ఊరెళ్తున్నప్పుడు పిల్లిని ఎవరికి, ఎలా అప్పగించాలి: మొదటి నుంచి చివరిదాకా

సంక్రాంతికి ఊరు, ఎండాకాలంలో అరకో ఊటీనో, మధ్యలో ఎవరిదో ఒక పెళ్లి. రైలు టికెట్లు రెండు నెలల ముందు, రిజర్వేషన్ తెరుచుకున్న ఉదయమే బుక్ చేస్తాం. పిల్లి సంగతి మాత్రం బ్యాగులు సర్దే రోజు గుర్తొస్తుంది. కుక్క ఉన్నవాళ్లకి ఈ బద్ధకం కుదరదు, అది వాకింగ్‌కి పోవాలి, మొరుగుతుంది, అపార్ట్‌మెంట్ అంతా కంప్లయింట్ ఇస్తుంది. పిల్లి విషయంలో అయితే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర్నుంచి ఆఫీసులో వాళ్ల దాకా అందరిదీ ఒకటే మాట, "ఇంత తిండి పడేసి పో, దాని బతుకు అదే బతుకుతుంది" అని. వీధి పిల్లికైతే అది నిజమే కావచ్చు. నాలుగో అంతస్తులో, తలుపులేసిన ఫ్లాట్‌లో పెరిగిన పిల్లికి ఎప్పుడో ఒక బల్లి తప్ప వేటాడటానికి ఇంకేం దొరుకుతుంది?

హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌ని లెక్కలో పెట్టుకుని రాస్తున్నాను, విజయవాడైనా విశాఖైనా పెద్దగా తేడా ఉండదు. ముందుగా ఒక్క మాట, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. తిండి పెట్టేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు, రోజూ వచ్చి పిల్లిని నిదానంగా చూసేవాళ్లు దొరకాలి. ఒంట్లో బాగోలేని పిల్లి అరిచి గోల చేయదు, మంచం కిందకి పోయి ముడుచుకుంటుంది. నిన్న ఎలా ఉంది, ఇవాళ ఎలా ఉంది అనేది కళ్లతో చూసిన మనిషికే తెలుస్తుంది.

ఎన్ని రోజులు, ఎలాంటి పిల్లి

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి అయితే, శనివారం ఉదయం వెళ్లి ఆదివారం ఉదయానికి వచ్చేసేటట్టుంటే, రెండు మూడు చోట్ల నీళ్లు, డ్రై ఫుడ్, శుభ్రం చేసిన లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకి ఇసుక లాంటి లిట్టర్ పోసి పెట్టే తొట్టి) పెట్టి వెళ్లొచ్చు. 24 గంటలు దాటితే మాత్రం రోజుకి ఒక్కసారైనా మనిషి రావాల్సిందే. రోజు విడిచి రోజు వస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. ముఖ్యంగా మగపిల్లికి మూత్రనాళం సన్నగా ఉంటుంది, అందులో ఇసుక లాంటి పలుకులో గడ్డో అడ్డుపడితే మూత్రం ఆగిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. రోజు విడిచి వచ్చే మనిషి దాన్ని కనిపెట్టేసరికి సమయం మించిపోయి ఉండొచ్చు.

ఆరు నెలల లోపు కూనలకీ, వెట్ ఫుడ్ (సాచెట్లలో వచ్చే తడి తిండి) మాత్రమే తినేవాటికీ, కిడ్నీ జబ్బున్న ముసలి పిల్లులకీ రోజుకి రెండుసార్లు తప్పదు. షుగర్ ఉండి ఇన్సులిన్ మీద ఉన్న పిల్లికి సుమారు 12 గంటల తేడాతో ఇంజెక్షన్ పడాలి కాబట్టి, ఆ పని చేతనైన మనిషి దొరికితేనే ప్రయాణం పెట్టుకోండి, లేకపోతే మీ వెట్ (పశువైద్యుడి) దగ్గరే ఉంచే ఏర్పాటు ఉందేమో కనుక్కోండి. వారం పది రోజులు దాటే ప్రయాణమైతే, లేదా మీరు లేనప్పుడు దీపావళి వస్తుంటే, రాత్రిళ్లు ఇంట్లో పడుకునే మనిషి ఉంటే బాగుంటుంది. టపాసుల మోతకి పిల్లి గంటల తరబడి అటక మీద నుంచి దిగదు, పక్కన మనిషి అలికిడి ఉంటే కాస్త తేరుకుంటుంది.

ఇంట్లోనే ఉంచాలా, ఎక్కడికైనా పంపాలా

నా ఓటు ఎప్పుడూ ఇంటికే. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అని ఊళ్లలో అనేది ఊరికే కాదు. ఇంట్లో ప్రతి మూలకీ తన మొహం రుద్ది, గోళ్లతో గీకి వాసన పెట్టుకుంటుంది. ఆ వాసన ఉన్నంతసేపు మీరు లేకపోయినా అది తన చోటే. కొత్త చోట ఆ వాసన ఒక్కటీ ఉండదు. అందుకే కొత్త ఇంట్లో దింపగానే చాలా పిల్లులు తిండి మానేసి సోఫా కింద దూరిపోతాయి. "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుంది కదా, దానికి ఇల్లు మారడం లెక్కేంటి" అని మా ఇంట్లో పెద్దవాళ్లు వాదిస్తారు. తల్లి పిల్లి అలా తిప్పేది భయంతో, శత్రువుల కంట పడకూడదని. ఆ సామెతలోనే జవాబు ఉంది.

చుట్టాలింటికి పంపడం పైకి తేలిగ్గా కనిపిస్తుంది గానీ, మన ఇళ్లలో పగలంతా వీధి తలుపు బార్లా తీసి ఉంటుంది, పాలవాడు, కూరగాయలమ్మాయి, పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. బెదిరిన పిల్లికి ఒక్క క్షణం చాలు. పంపక తప్పకపోతే, తలుపు వేసి ఉంచగలిగే ఒక గది దాని కోసం వదిలేయాలి. ఆ గదిలోనే తిండి, ట్రే, మీ పాత దుప్పటి. ఇల్లంతా తిప్పి చూపించే ముచ్చట మొదటి రెండు రోజులు వద్దని గట్టిగా చెప్పండి.

మీతో తీసుకెళ్లడం గురించి రెండు ముక్కలు. రైల్లో పెంపుడు జంతువుని మీతో పాటే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరు మీదే ఉండాలి, పండగ రోజుల్లో అది దొరకడం కష్టం. సొంత కారులో పోతే కుదురుతుంది కానీ, పదిమంది చుట్టాలు, భోగి మంటలు, చిన్నపిల్లలు, వీధికుక్కలు ఉన్న ఊరింట్లో మూడు రోజుల కోసం పిల్లిని అంత హింస పెట్టడం ఎందుకు? నెల రోజులు ఉండిపోయేటట్టయితే అది వేరే సంగతి.

మనిషిని ఎంచుకోవడం

సంక్రాంతికి హైదరాబాద్‌లో అసలు సమస్య ఇదే. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ మనం ఊళ్లో ఉంటాం, పనమ్మాయి ఊళ్లో ఉంటుంది, వాచ్‌మన్ కూడా ఊళ్లోనే ఉంటాడు. కాబట్టి మొదటి ప్రశ్న "చేస్తావా" అని కాదు, "పండక్కి నువ్వు ఇక్కడే ఉంటున్నావా" అని అడగండి. ఆ పండగ చేసుకోని ఇరుగుపొరుగు, ఇక్కడే పుట్టి పెరిగిన హైదరాబాదీలు, సెలవు దొరకని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, వీళ్లలో వెతకండి. నెల రోజుల ముందే మాట తీసుకోండి, వారం ముందు మళ్లీ ఒకసారి కన్ఫర్మ్ చేసుకోండి.

మొదటి చోటు పిల్లులున్న పక్కింటివాళ్లు. వాళ్లు ఊరెళ్తే మనం, మనం ఊరెళ్తే వాళ్లు చూసుకోవచ్చు, డబ్బు గొడవ ఉండదు. తర్వాత వెటర్నరీ విద్యార్థులు. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, కృష్ణా జిల్లాలో గన్నవరం, తిరుపతి, ఈ మూడు చోట్లా పశువైద్య కళాశాలలున్నాయి, దగ్గర్లో ఉన్నవాళ్లు తెలిసినవాళ్ల ద్వారా అడిగి చూడొచ్చు. మందులు వేయాల్సిన పిల్లి ఉంటే వీళ్లకి మించినవాళ్లు ఉండరు. మీ వెట్ క్లినిక్‌లో పనిచేసే అసిస్టెంట్లలో కొందరు డ్యూటీ అయ్యాక ఇళ్లకి వచ్చి చూస్తారు, కౌంటర్‌లో మొహమాటపడకుండా అడగండి. ఇక డబ్బు తీసుకుని ఇళ్లకొచ్చే క్యాట్ సిట్టర్లు నగరాల్లో ఉన్నారు. వాళ్లని పెట్టుకుంటే ఇంతకుముందు చూసిన ఇద్దరు ముగ్గురి నంబర్లు అడిగి, ఫోన్ చేసి మాట్లాడండి. "ఎలా చూశారు" అంటే అందరూ బాగానే చూశారంటారు. "మీ పిల్లి దాక్కుంటే ఏం చేశారు", "రోజుకి ఎంతసేపు ఉన్నారు" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

వాచ్‌మన్‌కి తాళం ఇచ్చి వెళ్లడం చాలామంది చేసే పని. మనిషి మంచివాడే కావచ్చు, కానీ పిల్లులంటే ఇష్టం లేనివాళ్లకి, భయపడేవాళ్లకి ఈ పని అప్పగించకండి. తలుపు సందులోంచి గిన్నె లోపలికి తోసి వెళ్లిపోతారు. అలాగే గర్భిణులకి లిట్టర్ ట్రే పని చెప్పకూడదు, పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండే అవకాశం ఉంది, అది కడుపులో బిడ్డకి ప్రమాదం.

డబ్బు సంగతి ముందే తేల్చండి. రోజుకి ఇంత, పండగ రోజుకి ఇంత, ఆటో ఖర్చు వేరే అని. స్నేహితులే అయినా వట్టి చేతులతో వదిలేయకండి, పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లని మన గురించి చెప్పుకునే పరిస్థితి పిల్లుల్ని పెంచేవాళ్లకి రావడం ఏం బాగుంటుంది!

మూడు వారాల ముందు: వెట్ దగ్గరికి

వ్యాక్సిన్ కార్డు తీసి చూడండి. యాంటీ రేబీస్, ట్రైక్యాట్ రెండూ టైమ్‌లో ఉన్నాయా? ట్రైక్యాట్ మూడు జబ్బులకి, పాన్‌ల్యూకోపీనియా, కాలిసి వైరస్, జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్. వీటిలో పాన్‌ల్యూకోపీనియా మనుషుల బట్టలు, చెప్పుల మీద కూడా ఇంట్లోకి వస్తుంది. నాలుగిళ్లు తిరిగే సిట్టర్ మీ ఇంటికి వస్తున్నారంటే బయటికి వెళ్లని పిల్లికి కూడా ఈ టీకా ఉండాలన్నమాట. టీకా వేసిన మర్నాడే రక్షణ రాదు, అందుకే వారం ముందు కాకుండా మూడు వారాల ముందు అంటున్నాను. బోర్డింగ్‌కి, అంటే డబ్బు తీసుకుని పిల్లుల్ని తమ దగ్గర ఉంచుకునే చోటికి పంపేటట్టయితే మరీ ముఖ్యం.

పనిలో పనిగా బరువు తూయించి కార్డు మీద రాయించుకోండి. మందులుంటే ప్రయాణం రోజులకి ఇంకో వారం కలిపి కొనండి, కొన్ని మందులు పండగ రోజుల్లో దొరకవు. క్లినిక్ పండగ సెలవులెప్పుడో, రాత్రి వేళ ఎవరు చూస్తారో అడిగి రాసుకోండి. 1962 కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి గానీ అవి ప్రధానంగా పల్లెల్లో గేదెలు, గొర్రెల కోసం. అర్ధరాత్రి కూకట్‌పల్లిలో మీ పిల్లి కోసం వాటి మీద ఆధారపడకండి. రాత్రిపూట తెరిచి ఉండే ప్రైవేటు ఆస్పత్రి ఒకటి, అది మూసి ఉంటే రెండోది, రెండింటికీ ముందే ఫోన్ చేసి పిల్లుల్ని చూస్తారా అని కనుక్కోండి. కుక్కల్ని మాత్రమే చూసేవాళ్లున్నారు.

ట్రయల్ లేకుండా తాళం ఇవ్వొద్దు

వచ్చే మనిషిని మీరు ఇంట్లో ఉన్నప్పుడే కనీసం రెండుసార్లు రమ్మనండి. మొదటిసారి వచ్చి ఊరికే కూర్చోవాలి. పిల్లి వెంటపడి ఎత్తుకోవద్దు, కళ్లలోకి గుచ్చి చూడొద్దు, నేల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటే చాలు, అదే వచ్చి వాసన చూస్తుంది. రెండోసారి మీరు పక్కన నిలబడి మొత్తం పని వాళ్ల చేతే చేయించండి. ట్రే ఎత్తడం, తిండి కొలవడం, తాళం తీయడం కూడా. మన తలుపుల తాళాలకి ఒక్కోదానికి ఒక్కో కిటుకు ఉంటుంది, కాస్త పైకెత్తి తిప్పాలి, లోపలికి లాగి పట్టుకోవాలి, అది మనకి అలవాటైపోయి చెప్పడం మర్చిపోతాం. తలుపు ఎలా తెరవాలో కూడా చూపించండి. పూర్తిగా తెరవకుండా, కాలు అడ్డంపెట్టి, బ్యాగు ముందుకి పట్టుకుని లోపలికి జారాలి.

దాక్కునే చోట్లన్నీ చూపించండి. మంచం కింద, వాషింగ్ మెషీన్ వెనక, ఫ్రిజ్ పైన, అటక మీద అట్టపెట్టెల మధ్య. సిట్టర్‌కి రోజూ పిల్లి కంటికి కనబడి తీరాలి. "గిన్నె ఖాళీ అయింది కాబట్టి బాగానే ఉంది" అనేది లెక్కలోకి రాదు, ఇంట్లో రెండు పిల్లులుంటే అస్సలు రాదు, ఒకటే రెండు వాటాలూ తినేసి ఉండొచ్చు.

ఇల్లు సర్దడం

దీనికి ఒక పూట కేటాయించండి, ఎందుకంటే ఊరెళ్లే ముందు మన ఇళ్లలో అలవాటుగా చేసే పనులు కొన్ని పిల్లికి విషం.

బట్టల బీరువాలో, సింకు దగ్గర కలరా ఉండలు పడేసి వెళ్తాం. నాఫ్తలీన్ పిల్లికి విషం, అది నేల మీద దొర్లితే ఆడుకునే వస్తువనుకుంటుంది కూడా. అన్నీ ఏరి బయట పడేయండి. ఇల్లంతా ఫినాయిల్‌తో తుడిచి పోవడం ఇంకోటి. ఫినాల్ జాతి పదార్థాల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, తడి నేల మీద నడిచి పాదాలు నాకినా లోపలికి పోతుంది. మామూలు నీళ్లతో తుడిస్తే చాలు. తిండి గిన్నె చుట్టూ చీమలు రాకుండా చీమల మందు చాక్‌పీస్‌తో గీత గీసేవాళ్లున్నారు, వాటిలో ఉండేది పైరెత్రాయిడ్ మందు, పిల్లులకి పడదు. దానికి బదులు వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో తిండి గిన్నె పెట్టండి, నెయ్యి గిన్నెకి అమ్మమ్మలు చేసేదే. పెస్ట్ కంట్రోల్ వాళ్లని ఈ రోజుల్లో పిలవకండి. ఎలుకల మందు ఇంట్లో ఉంటే తీసేయండి, అది తిన్న ఎలుకని పట్టి తిన్నా ముప్పే. డోలో, క్రోసిన్ లాంటి పారాసిటమాల్ బిళ్లలు టేబుల్ మీద వదలకండి. పిల్లికి ఒక్క బిళ్ల చాలు ప్రాణం తీయడానికి, "జ్వరంగా ఉందని సగం వేశాను" అని సిట్టర్ చెప్పే పరిస్థితి రాకుండా ఆ సంగతి నోటితో చెప్పండి, కాగితం మీద కూడా రాయండి.

దారాలు. పూలదండ విప్పాక మిగిలిన దారం, కుట్టు సూదికి గుచ్చి వదిలిన దారం, రబ్బరు బ్యాండ్లు, పండక్కి కట్టిన మెరుపు తోరణాలు. పిల్లి నాలుక మీద ముళ్లు లోపలి వైపుకి తిరిగి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని అది బయటికి ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది, అది పేగుల్ని ముడతలు పడేలా లాగి కోసేస్తుంది. పూజగదిలో ఎండిన దండలు కూడా తీసేయండి. ఒకవేళ నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతూ కనిపిస్తే లాగకూడదు, అలాగే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఎవరైనా బొకే ఇచ్చి ఉంటే అందులో లిల్లీలున్నాయేమో చూడండి. అసలైన లిల్లీల (దండల్లో గుచ్చేవి కాదు, బొకేల్లో పెట్టే పెద్ద పూలు) పుప్పొడి ఒంటికంటింది నాకినా కిడ్నీలు పోతాయి.

కిటికీలు, బాల్కనీలు. పావురాల కోసం కట్టించిన నెట్ పిల్లి బరువుకి ఆగుతుందా లేదా అంచుల దగ్గర గట్టిగా లాగి చూడండి, హుక్కులు ఊడి ఉంటాయి. మీరు లేనన్ని రోజులు బాల్కనీ తలుపు మూసి ఉంచడమే నయం. బాత్రూమ్ వెంటిలేటర్‌లో అద్దం పలకలు వదులుగా ఉంటాయి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీసేసిన కంత అలాగే ఉంటుంది, అంతలోంచి పిల్లి పడుతుందా అనుకుంటాం. తల పడితే ఒళ్లు పడుతుంది. అట్టముక్క పెట్టి బిగించండి. బాత్రూమ్‌లో బకెట్లు బోర్లించండి, కూనలున్న ఇంట్లో ఇది మరీ అవసరం. గదుల తలుపులు గాలికి ధడాలున మూసుకుని పిల్లి లోపలో బయటో ఇరుక్కుపోకుండా అన్నింటికీ డోర్ స్టాపర్లు పెట్టండి.

మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్లే అలవాటుంటే మానండి. ఫ్రిజ్‌లో వెట్ ఫుడ్, వైఫై, కెమెరా, అన్నీ ఆగిపోతాయి. గీజర్, ఇస్త్రీపెట్టె, అనవసరమైన ప్లగ్గులు తీసేసి, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి, హాల్లో ఒక లైటు, ఒక ఫ్యాన్ పనిచేసేలా ఉంచితే చాలు. మే నెలలో పై అంతస్తు ఫ్లాట్ మూసి ఉంచితే లోపల ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ రోజుల్లో పగటిపూట కూడా ఒకసారి మనిషి రావాలి, కూలర్ ఆన్ చేసి నీళ్లు మార్చాలి, లేదా చల్లగా ఉండే ఇంట్లోకి పిల్లిని మార్చాలి. నేను ఇల్లు వదలొద్దు అని గట్టిగా చెప్పేవాడినే, ఎండల్లో మాత్రం పట్టుబట్టను.

తిండి, నీళ్లు, ట్రే

ఈ రోజుల్లో కొత్త తిండి మొదలుపెట్టకండి. అలవాటైన బ్రాండే, అలవాటైన వేళకే. డ్రై ఫుడ్‌ని రోజువారీగా చిన్న కవర్లలో తూచి కట్టి, పైన తేదీ రాయండి. "కొంచెం వెయ్యి" అనేదానికి ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా ఉంటుంది. ఇలా కడితే రోజు చివర ఎంత మిగిలిందో కూడా తెలుస్తుంది. వెట్ ఫుడ్ సాచెట్ విప్పి పెట్టాక మన వాతావరణంలో గంట రెండు గంటల్లో ఎత్తేయాలి. పాలు పెట్టొద్దని చెప్పండి, పిల్లి అంటే పాలే కదా అని ప్రేమగా పోస్తారు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగక విరేచనాలవుతాయి. ఉల్లి, వెల్లుల్లి పడ్డ చికెన్ కూర ముక్కలు కూడా వద్దు.

నాలుగు కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి, వెట్ ఫుడ్‌లో ఉండేది కూడా కలిపి. నీళ్లు మూడు చోట్ల పెట్టండి, ఒకటి తన్ని ఒలకబోసినా ఇంకోటి ఉంటుంది. ట్రేలు పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి. రోజూ మలం, మూత్రం తగిలి గట్టిపడ్డ లిట్టర్ గడ్డలు తీసి కవర్లో కట్టి చెత్తలో వేయాలి, కమోడ్‌లో పోయకూడదు, పైపు పూడుకుపోతుంది. లిట్టర్ మరో సంచీ అదనంగా కొని పెట్టండి.

ఆటోమేటిక్ ఫీడర్ ఉంటే మంచిదే, బ్యాటరీ బ్యాకప్ ఉన్నది చూసుకోండి, కరెంటు పోతే ఆగిపోయేది పనికిరాదు. కెమెరా కూడా మంచిదే. రెండూ మనిషికి సాయమే తప్ప మనిషికి బదులు కావు.

ఫ్రిజ్ మీద కాగితం

వాట్సాప్‌లో పంపినవి పైకి పోయి మునిగిపోతాయి. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. పక్కింటి అమ్మాయి చూస్తుందనుకోండి, ఇలా ఉంటే సరిపోతుంది:

*బుజ్జి: నల్ల మగపిల్లి, ఆపరేషన్ అయింది, ఐదు కిలోల పైనే. కవర్ చప్పుడుకే పరిగెత్తుకొస్తాడు. రాలేదంటే ఏదో తేడా, వెంటనే ఫోన్ చెయ్యి.*
*చిట్టి: బూడిద రంగు, సిగ్గెక్కువ. బీరువా పైన ఉంటుంది. కిందికి దింపొద్దు, కళ్లు తెరిచి నిన్ను చూసిందో లేదో చూడు చాలు. దాని గిన్నె పైనే పెట్టు, లేకపోతే బుజ్జి తినేస్తాడు.*
*ఉదయం: ఆ రోజు తేదీ ఉన్న కవర్, సగం సగం. సాయంత్రం: చెరో అర సాచెట్.*
*ట్రే: మూత్రం గడ్డలు ఎన్ని, ఎంతెంత ఉన్నాయో ఫొటో పెట్టు.*
*వెళ్లేముందు: ఇద్దర్నీ చూశాకే తలుపు వెయ్యి. బీరువా, మంచం పెట్టె మూసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడు.*
*ఆస్పత్రి: పేరు, దారి, నంబర్లు. పిల్లి బుట్ట హాల్లో సోఫా పక్కన.*
*పది వేల దాకా నన్ను అడగక్కర్లేదు, డాక్టర్ చెప్పింది చేయించు. నా ఫోన్ కలవకపోతే ఈ నంబరుకి చెయ్యి.*
*కరిచినా రక్కినా సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని, డాక్టర్‌కి చూపించుకో. ఆ ఖర్చు మాది.*

చివరి నాలుగూ ఎక్కువమంది రాయరు. మీరు విమానంలోనో, సిగ్నల్ లేని ఊళ్లోనో ఉన్నప్పుడు డబ్బు నిర్ణయం ఎవరు తీసుకోవాలో తేలక గంటలు గడిచిపోతాయి. మీ వెట్‌కి కూడా "ఫలానా వాళ్లు తీసుకొస్తే నా తరఫునే" అని ఒక మెసేజ్ పెట్టి ఉంచండి. అపార్ట్‌మెంట్ గేటు యాప్‌లో సిట్టర్ పేరు అన్ని రోజులకీ ముందే వేసి, సెక్యూరిటీ వాళ్లకి మొహం చూపించండి.

ఎప్పుడు కంగారుపడాలి

మొదటి రోజు సరిగా తినకపోవడం మామూలే. 24 గంటలు అసలేమీ ముట్టకపోతే వెట్‌కి ఫోన్ చేయాలి, కూన అయితే పూట ఆలస్యం చేయకూడదు. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయంలో చేరి అది దెబ్బతింటుంది, "ఆకలేస్తే అదే తింటుందిలే" అనే మాట పిల్లి దగ్గర పనికిరాదు.

ట్రే ఫొటో ఎందుకు అడుగుతున్నానంటే, మూత్రం గడ్డలు రోజూ ఇంచుమించు ఒకే లెక్కలో, ఒకే సైజులో ఉంటాయి. నిమ్మకాయంత ఉండేవి ఉన్నట్టుండి శనగగింజలంత చిన్నవై, ఎక్కువ సంఖ్యలో కనిపించినా, ఒక్కటీ లేకపోయినా, మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ అరుస్తున్నా, అది మలబద్ధకం అనుకుని రేపటిదాకా చూడకూడదు. అర్ధరాత్రయినా ఆస్పత్రికే. నోరు తెరిచి రొప్పడం, వెనక కాళ్లు ఈడ్చడం, ఆగకుండా వాంతులు, ఇవీ అంతే. ఒకసారి వెంట్రుకల ఉండ కక్కితే టెన్షన్ అక్కర్లేదు.

బోర్డింగ్ తప్పనిసరి అయితే

ముందు వెళ్లి కళ్లారా చూడండి, ఫొటోలు చూసి ఒప్పుకోకండి. కుక్కల అరుపులు వినపడని గది ఉందా, పిల్లికి పిల్లికి మధ్య మూసిన గోడ ఉందా, ఎక్కి దాక్కోవడానికి ఏమైనా ఉందా. రెండు తలుపులు దాటి గానీ బయటికి రాలేని ఏర్పాటు ఉండాలి. మీ వ్యాక్సిన్ కార్డు అడగని చోట వదలకండి, మిమ్మల్ని అడగలేదంటే పక్క గదిలో పిల్లివాళ్లనీ అడిగి ఉండరు. రాత్రి మనిషి ఉంటాడా అనేది తప్పకుండా అడగండి. వాసన తెలిసిన దుప్పటి, అలవాటైన తిండి, వీలైతే వాడిన లిట్టర్ గుప్పెడు పంపండి. బుట్టని వారం ముందే తెరిచి హాల్లో పెట్టి, లోపల పాత చీర పరిచి ఉంచితే అదే వెళ్లి పడుకుంటుంది.

బయలుదేరే రోజు

గోళ్లు ముందురోజే కత్తిరించండి. సూట్‌కేసు జిప్ వేసే ముందు లోపల చూడండి, నవ్వులాట కాదు, బట్టల మీద ఎక్కి పడుకోవడం వాటికి ఎంతో ఇష్టం. సామాను బయటికి చేరవేసేటప్పుడు తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి ఆ అరగంట పిల్లిని ఒక గదిలో పెట్టి, సామానంతా పోయాక వదలండి. మెడకి ఫోన్ నంబరున్న పట్టీ కట్టండి, గట్టిగా లాగితే తనంతట ఊడిపోయే బకిల్ ఉన్నదే. ఇక బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురొచ్చిందని అత్తగారు కాసేపు కూర్చోమంటే కూర్చోండి, ఆ ఐదు నిమిషాల్లో కిటికీలు మరోసారి చూసుకోవచ్చు.

వెళ్లాక రోజుకి ఒక ఫొటో, ఒక చిన్న వీడియో చాలు. గంటగంటకీ మెసేజ్ పెట్టి సిట్టర్ ప్రాణం తీయకండి. ఫొటో మాత్రం ఆ రోజుదే కావాలి, పక్కన ఆ తేదీ కవర్ కనబడేలా తీయమంటే అనుమానం ఉండదు.

తప్పించుకుపోతే

ఇంట్లో పెరిగిన పిల్లి బయటపడితే సాధారణంగా దూరం పోదు, అదే బిల్డింగ్‌లో సెల్లార్‌లో కార్ల కింద, మెట్ల కింద, జనరేటర్ వెనక బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. పేరు పెట్టి అరుస్తూ పదిమంది వెతికితే ఇంకా లోపలికి దూరుతుంది. ముందు ఇంట్లోనే మళ్లీ వెతకాలి, సగం సార్లు అది బీరువాలోనే దొరుకుతుంది. తర్వాత రాత్రి అలికిడి తగ్గాక ఒక్కరే టార్చ్ పట్టుకుని నేలకి వంగి చూస్తూ వెళ్లాలి, వెలుగు పడితే కళ్లు మెరుస్తాయి. తిండి కవర్ చప్పుడు, ఫోన్‌లో మీ గొంతు స్పీకర్‌లో, ఇవి పనిచేస్తాయి. వాచ్‌మన్‌కీ, చెత్త తీసుకెళ్లేవాళ్లకీ ఫొటో చూపించి, పట్టుకోవద్దు, ఎక్కడుందో చెప్తే చాలు అనండి.

తిరిగొచ్చాక

కొన్ని పిల్లులు గుమ్మంలోనే కాళ్లకి చుట్టుకుంటాయి, కొన్ని అలిగి వీపు తిప్పి కూర్చుంటాయి, ఏది చేసినా కంగారు లేదు. ఊరి నుంచి తెచ్చిన బ్యాగులు వేరే ఇళ్ల వాసన, వేరే జంతువుల వాసన వస్తుంటాయి కాబట్టి పిల్లి వాటి మీద మూత్రం పోయొచ్చు, రెండు రోజులు తలుపేసిన గదిలో ఉంచండి. రెండు పిల్లుల్లో ఒకటే ఆస్పత్రికో బోర్డింగ్‌కో వెళ్లొస్తే, ఇంట్లో ఉన్నది దాన్ని గుర్తుపట్టక కొట్టడానికి వస్తుంది. వేరే వేరే గదుల్లో పెట్టి, దుప్పట్లు మార్చి, ఒకటి రెండు రోజుల తర్వాత కలపండి.

మిగిలిన తిండి కవర్లు లెక్కపెట్టండి. పిల్లిని ఎత్తుకుని బరువు మెషీన్ ఎక్కి, తర్వాత మీ బరువు తీసేసి, వెట్ కార్డు మీద రాయించుకున్న అంకెతో పోల్చండి. నాలుగు కిలోల పిల్లి పావు కిలో పైగా తగ్గి ఉంటే, రెండు మూడు రోజులు తిండి ఎలా తింటుందో గమనించి, తేడా ఉంటే చూపించండి. సిట్టర్‌కి ఇవ్వాల్సింది ఆ రోజే ఇచ్చేయండి, ఊరి అరిసెలు, జంతికలు దానికి అదనం, దసరాకి మాట కూడా అప్పుడే తీసుకోండి.